పోస్టుకార్డు మీద కన్నీళ్లు సరే, దారి సంగతేంటి?

ఈ మధ్య ఉత్తరాల మీద ఒక రకం వ్యాసం తెగ వస్తోంది. మీరూ చదివే ఉంటారు. అందులో తప్పకుండా ఒక ఖాకీ చొక్కా పోస్ట్‌మాన్ ఉంటాడు. సైకిల్ బెల్లు మోగుతుంది. అరుగు మీద ఒక అవ్వ కూర్చుని, చదువుకున్న పిల్లను పిలిచి ఉత్తరం చదివించుకుంటుంది. ఇన్‌లాండ్ కవరు అంచు చింపుతుంటే జిగురు వాసన వస్తుంది. చివరి పేరాలో వాట్సాప్‌కి నాలుగు తిట్లు పడతాయి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశాక ఈ వ్యాసాలకు మంచి సీజన్ వచ్చింది.

ఆ అవ్వ మీద నాకేం కోపం లేదు. నా గొడవంతా ఈ వ్యాసాల్లో ఏదో ఒక రూపంలో దూరే ఒక్క మాటతోనే. ఉత్తరానికి సరిహద్దులు లేవట.

ఉన్నాయండీ. ఎప్పుడూ ఉన్నాయి. ఉత్తరం ప్రతి సరిహద్దు దగ్గరా ఆగింది. పక్క రాజ్యంవాడు "సరే, నా నేల మీదుగా పోనీ" అని కాగితం మీద ఒప్పుకుంటేనే కదిలింది. ఆ ఒప్పుకోలు ఎవరు ఎవరి దగ్గర రాయించుకున్నారు, ఏ ధరకి, ఎవరికి దొరకలేదు అన్నదే పోస్టు చరిత్రలో సగం. ఆ సగాన్ని వదిలేసి జిగురు వాసన ఒక్కటే రాసుకుంటూ కూర్చున్నాం కాబట్టే, ఇవాళ ఆ దారులు ఒక్కొక్కటే మూసేస్తుంటే మనకు చీమ కుట్టినట్టు కూడా లేదు.

దూరం పోను. మా వేముల నుంచే మొదలుపెడతా. పులివెందుల పక్కన. యురేనియం గని ఉన్న తుమ్మలపల్లె మా మండలంలోనే అంటే మీలో కొందరికి తడుతుంది. 1800లో నిజాం కడప, బళ్లారి ప్రాంతాలన్నీ కంపెనీకి రాసిచ్చేశాడు, తన రక్షణకు పెట్టిన కంపెనీ సైన్యం ఖర్చు కింద. అట్లా మేం దత్తమండలాల వాళ్లమయ్యాం. నిన్నటిదాకా ఏలిక అయిన నిజాం ఒక్క సంతకంతో పొరుగు దేశపు రాజైపోయాడు. తుంగభద్రకు ఇవతల ఇంగ్లీషువాళ్ల మద్రాసు, అవతల నిజాం రాజ్యం.

1871లో బొంబాయి నుంచి వచ్చిన రైలు, మద్రాసు నుంచి వచ్చిన రైలు రాయచూరులో కలిశాయి. మ్యాపు తీసి చూడండి. మద్రాసు వైపు నుంచి కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరు, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, ఆదోని. ఆ తర్వాత తుంగభద్ర మీద వంతెన. వంతెన దాటగానే నిజాం రాజ్యం: రాయచూరు, యాదగిరి, వాడి, గుల్బర్గా. ఆ పైన షోలాపూరు దగ్గరికొచ్చేసరికి మళ్లీ ఇంగ్లీషువాళ్ల నేల. అంటే కడప జిల్లా నుంచి బొంబాయికి పోయే ప్రతి ఉత్తరమూ పరాయి రాజ్యంలో దూరి, దాన్ని నిలువునా దాటి, బయటపడాలి.

ప్రొద్దుటూరును ఇప్పటికీ రెండో బొంబాయి అని గొప్పగా చెప్పుకుంటారు కదా, బంగారం, బట్టల వ్యాపారం చూసి. ఆ వ్యాపారి 1900 ప్రాంతంలో బొంబాయి సేటుకు ఒక కార్డు రాశాడనుకుందాం. ఖరీదు కాలణా. 1879లో పోస్టుకార్డు పుట్టినప్పటి రేటు అదే, పక్కూరికైనా పెషావరుకైనా. ఆ కార్డు ఎర్రగుంట్లలో రైలెక్కుతుంది. రైలు పెట్టెలోనే కూర్చుని ఉత్తరాలు వేరుచేసే సార్టర్లు ఉంటారు. నిజాం రాజ్యంలోంచి రైలు పోతుంటే వాళ్ల పని వాళ్లు చేసుకుపోతారు. రాయచూరులో ఎవరూ దాన్ని ఆపరు. ఎవరూ అదనంగా అణా అడగరు. ఆ కార్డుకు తాను ఇంకో రాజ్యం దాటుతున్నానన్న సంగతే తెలియదు. ఎందుకు తెలియదంటే, ఆ రైలు పట్టాల కింది నేల మీద అధికార పరిధిని కూడా ఇంగ్లీషువాళ్లే తీసేసుకున్నారు. పేరుకు నిజాం భూమి, పోలీసూ కోర్టూ మటుకు తెల్లవాళ్లవి. 

ఎంత హాయి! సరిహద్దుల్లేని ఉత్తరం!

ఇప్పుడు వంతెన అవతలికి వెళ్లి చూడండి. అలంపురం నిజాం రాజ్యంలో ఉంది. ఏరు దాటి కొద్ది మైళ్లు నడిస్తే కర్నూలు. అదే భాష, అవే పెళ్లి సంబంధాలు. నిజాంకు సొంత పోస్టు ఉండేది. 1869లోనే స్టాంపు వేశాడు. ఆ స్టాంపుల మీద ఉర్దూతో పాటు తెలుగు అక్షరాలూ ఉండేవి. మన స్టాంపుల సేకర్తలు, హైదరాబాద్ అభిమానులు దీన్ని చూపించి మురిసిపోతుంటారు. మురిసిపోండి. కానీ ఆ తెలుగు అక్షరాల స్టాంపు నిజాం రాజ్యం లోపలే చెల్లుతుంది. అలంపురం ఆవిడ కర్నూల్లో ఉన్న కూతురికి రాయాలంటే అది పనికిరాదు. ఇంగ్లీషువాళ్ల స్టాంపు కావాలి, ఇంగ్లీషువాళ్ల పోస్టాఫీసు వెతుక్కోవాలి. అవి సికింద్రాబాదులాంటి చోట్ల నిజాం రాజ్యం లోపలే తెరిచారు. విక్టోరియా రాణి తల ఉన్న కార్డు నిజాం రాజ్యాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి దాటిపోతుంది. తెలుగు ఉన్న స్టాంపు మాత్రం ఒక తెలుగు ఊరి నుంచి ఇంకో తెలుగు ఊరికి ఏరు దాటలేదు.

దీన్ని పరస్పర ఏర్పాటు అందామా? వాళ్ల ఉత్తరం మన నేల మీద, మన ఉత్తరం వాళ్ల నేల మీద పోతే పరస్పరం. ఇక్కడ ఒకరే ఇచ్చారు, ఒకరే పుచ్చుకున్నారు.

నిజంగా ఇచ్చిపుచ్చుకున్న సంస్థానాలు లేకపోలేదు. 1884లో పటియాలాతో మొదలుపెట్టి గ్వాలియర్, జీంద్, నాభా, చంబా, ఫరీద్‌కోట్ ఆరూ బ్రిటిష్ ఇండియాతో పోస్టల్ ఒప్పందం చేసుకున్నాయి. వాటి ప్రజలు వేసిన ఉత్తరం బ్రిటిష్ ఇండియాలో ఎక్కడికైనా పోతుంది. ధర ఏమిటంటే, సొంత స్టాంపు మానేసి, బ్రిటిష్ స్టాంపు మీదే సంస్థానం పేరు అచ్చు కొట్టించుకోవాలి. మైసూరు వాళ్లయితే 1889లో తమ అంచె వ్యవస్థనే ఇంగ్లీషు పోస్టులో కలిపేశారు. హైదరాబాద్ అలా కలవలేదు, ఆ ఆరింటి జాబితాలోనూ లేదు. తన స్టాంపు తనే ఉంచుకుంది. నిజాం గౌరవం నిలిచింది. ఆ గౌరవానికి టికెట్టు డబ్బులు కట్టింది అలంపురం అమ్మ. రాజుల పరువు ఖర్చు ఎప్పుడూ ఉత్తరం రాసేవాళ్ల ఖాతాలోనే పడుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, 2025లో మళ్లీ పనికొస్తుంది.

1947 నవంబరు 29న హైదరాబాదు, ఇండియా యథాతథ ఒప్పందం రాసుకున్నాయి. రక్షణ, విదేశాంగంతో పాటు రాకపోకలు, తపాలా వంటివీ ఎప్పట్లాగే సాగాలని అందులో రాసుకున్నారు. ఆరు నెలలు తిరక్కుండానే, 1948 మేలో, ఇదే బొంబాయి లైను మీద గంగాపూర్ స్టేషన్‌లో రజాకార్లు రైలు మీద పడ్డారు. ప్రొద్దుటూరు వ్యాపారి కార్డు డెబ్బై ఏళ్లకు పైగా చీకూచింతా లేకుండా పోయిన దారి అది. సెప్టెంబరులో సైన్యం దిగింది. అయినా నిజాం పోస్టు వెంటనే పోలేదు. 1950 ఏప్రిల్‌లో గానీ ఇండియా పోస్టులో కలవలేదు. అలంపురం స్టాంపు కర్నూలుకు చేరడానికి, 1869 నుంచి లెక్కేస్తే, ఎనభై ఏళ్లు పట్టింది.

ఇదంతా పాత గోల అనిపిస్తే, ఈ గోల తీర్చడానికి ప్రపంచం ఏం చేసిందో చూడండి. యూరప్‌లోనూ ఇదే కంగాళీ. ఉత్తరం దాటే ప్రతి దేశానికీ విడివిడిగా డబ్బు లెక్కగట్టేవాళ్లు. ఏ దారిన పంపితే ఎంతవుతుందో పోస్టు గుమాస్తాకే అంతుపట్టేది కాదు. 1874 అక్టోబరు 9న స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో 22 దేశాలు కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నాయి. ప్రపంచ తపాలా దినోత్సవం అని మనం ఏటా ఫోటోలు పెట్టుకునేది ఆ తేదీనే. అందులో మొదటి మాటే అద్భుతం: ఉత్తరాల విషయంలో ఈ దేశాలన్నీ కలిపి ఒకే నేల. ఎవరి ఉత్తరమైనా ఎవరి దేశం మీదుగానైనా ఆగకుండా పోవాలి. దారి ఇచ్చినవాడికి బరువును బట్టి కొంత కూలి, అంతే. మరి ఉత్తరం అందించే దేశానికో? ఏమీ ఇవ్వక్కర్లేదన్నారు. ఎవరు వసూలు చేసిన స్టాంపు డబ్బు వాళ్లే ఉంచుకోవచ్చు. ఎందుకంటే ప్రతి ఉత్తరానికీ ఒక జవాబు వస్తుంది కదా, లెక్క దానంతటదే సరిపోతుంది అని.

ప్రతి ఉత్తరానికీ జవాబు వస్తుంది! ఇంత అమాయకమైన నమ్మకం మీద ప్రభుత్వాలు అంతర్జాతీయ ఒప్పందం రాసుకున్నాయంటే, ఉత్తరాల మీద కవిత్వం రాసేవాళ్లు దీన్ని కదా పట్టుకోవాల్సింది? తర్వాత దాదాపు వంద ఏళ్లకు, 1969 టోక్యో సభలో, జవాబు రావట్లేదు మొర్రో అని లెక్కలు కట్టి బకాయిలు పంచుకోవడం మొదలుపెట్టారు, అది వేరే కథ. ఇండియా 1876లోనే ఆ సంఘంలో చేరింది. స్వాతంత్ర్యం లేని దేశానికి కూడా సభ్యత్వం దొరికింది. హైదరాబాదు సంస్థానానికి దొరకలేదు.

సరే, ఇప్పుడు మన కాలం. 2025 ఫిబ్రవరిలో 'తండేల్' చూసి చాలామందిమి కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చాం. అది నిజంగా జరిగినదాని మీద తీసిన సినిమా. 2018 నవంబరులో గుజరాత్ పడవల మీద పనికి వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు ఇరవై మందికి పైగా పాకిస్తాన్‌కు పట్టుబడ్డారు. 2020 జనవరిలో ఇరవై మంది వాఘా దగ్గర ఇవతలికి వచ్చారు. మధ్యలో కరాచీ జైలు. ఆ మధ్యలోనే, 2019 ఆగస్టు చివర్లో, కశ్మీర్ విషయంలో కోపంతో పాకిస్తాన్ ఇండియాతో పోస్టు మొత్తం ఆపేసింది. దాదాపు మూడు నెలలు. నవంబరులో ఉత్తరాలు తెరిచారు గానీ పార్సెళ్లు తెరవలేదు. ఆ మూడు నెలలూ మనవాళ్లు ఆ జైల్లోనే ఉన్నారు. సినిమాలో ప్రేమకథ ఉంది, పాటలున్నాయి, జెండాలున్నాయి. మనం ఏడ్చిన ఏడుపులో ఆ మూసేసిన పోస్టు సంచి ఊసు మాత్రం లేదు.

అప్పుడు మన ప్రభుత్వం ఏమంది? కేంద్రమంత్రి రవిశంకర్ ప్రసాద్ గట్టిగానే తప్పుపట్టారు. ముందుగా చెప్పకుండా ఆపేశారని, ఇది ప్రపంచ తపాలా సంఘం నిబంధనలకు విరుద్ధమని. అక్షరాలా నిజం. నేను చప్పట్లు కొడతాను.

మరి 2025 మే మొదట్లో ఏం జరిగింది? పహల్గాంలో ఘోరం జరిగిన పది రోజులకు, పాకిస్తాన్ నుంచి వచ్చే అన్ని రకాల ఉత్తరాలనూ పార్సెళ్లనూ, ఆకాశం మీదుగా వచ్చినా నేల మీదుగా వచ్చినా, ఆపేస్తూ మన ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అంతకు ముందే అట్టారీ మూతపడింది. పాకిస్తాన్ మన విమానాలకు గగనతలం మూసింది. వారం తిరక్కుండా మనం వాళ్ల విమానాలకు మూశాం. వార్తల్లో దీనికి వాడిన పదం చూశారా? పరస్పర చర్యలు అట. 1874లో పరస్పరం అంటే నీ ఉత్తరానికి నేను దారిస్తా, నా ఉత్తరానికి నువ్వివ్వు అని. 2025లో పరస్పరం అంటే నువ్వు తలుపు మూశావు కాబట్టి నేనూ మూస్తా అని. పదం అదే. అర్థం తిరగబడింది.

ఇక్కడ ఒక పెద్దమనిషి లేచి, దేశభద్రత ఉండగా ఉత్తరాలేంటయ్యా అంటాడు. సోషల్ మీడియాలో అయితే ఇంకో మాట కూడా అంటారు, అది ఇక్కడ రాయలేను. ఆయనకు నా జవాబు ఇది. పాకిస్తాన్ నుంచి వచ్చే ఉత్తరం ఎవరు రాస్తారు? కుట్రలు చేసేవాడు స్టాంపు అంటించి, డబ్బాలో వేసి, నెలరోజులు ఎదురుచూస్తాడా? ఇవాళ పోస్టు తప్ప వేరే దారి లేనివాళ్లు ఎవరంటే ఖైదీలు, ముసలివాళ్లు, విభజనలో అటూ ఇటూ అయిపోయిన కుటుంబాలు. అందరికీ ఫోన్ ఉందన్న మాట జైలు గోడ దగ్గర ఆగిపోతుంది. కరాచీ జైల్లో ఉన్న జాలరి శ్రీకాకుళానికి రాసిన ఉత్తరాన్ని ఆపుతున్నది పాకిస్తాన్ కాదు. ఆ ఉత్తర్వు ప్రకారం ఆపాల్సింది మనమే.

అనుమానం ఉంటే తెరిచి చూడొచ్చు. ఆ అధికారం ప్రభుత్వానికి దండిగా ఉంది. 2023 పోస్టాఫీసు చట్టం, 1898 నాటి పాత చట్టం స్థానంలో 2024 జూన్ నుంచి అమల్లోకి వచ్చింది. దేశభద్రత మొదలు ప్రజాశాంతి దాకా ఏ కారణంతోనైనా పోస్టులో ఉన్న దేన్నయినా పట్టుకోవచ్చు, తెరవచ్చు, ఆపేయొచ్చు. నాకు ఆ సెక్షన్ కూడా నచ్చదు, దాని మీద వేరే పోట్లాట ఉంది. కానీ ఒక్కో ఉత్తరాన్నీ తెరిచి చూసే అధికారం చేతిలో ఉండి కూడా మొత్తం సంచినే తిప్పి పంపడం భద్రత ఎట్లా అవుతుంది? అది నిజాం స్టాంపు లాంటిదే. పరువు వ్యవహారం.

యుద్ధాల్లో కూడా ఇంత మూర్ఖంగా మూసేయలేదు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ నుంచి శత్రుదేశాల్లో ఉన్న బంధువులకు రాయాలంటే, థామస్ కుక్ కంపెనీ ద్వారా తటస్థ దేశమైన పోర్చుగల్‌కు, లిస్బన్‌లోని ఒక పోస్ట్‌బాక్సుకు పోయి, అక్కడి నుంచి అవతలికి వెళ్లేది. సెన్సారు ఉండేది, ఆలస్యం ఉండేది, దారి ఉండేది. 1949 మూడో జెనీవా ఒప్పందం ఇంకా ముందుకెళ్లింది. పట్టుబడిన సైనికుడికి నెలకు కనీసం రెండు ఉత్తరాలు, నాలుగు కార్డులు రాసుకునే హక్కు ఇచ్చింది. వాటికి పంపే దేశంలో, చేరే దేశంలో, మధ్యలో దాటే దేశాల్లో కూడా పోస్టు ఖర్చు వసూలు చేయకూడదు. మధ్యలో దాటే దేశం సంగతి కూడా మర్చిపోకుండా రాశారు, చూశారా! కానీ ఇది యుద్ధఖైదీకి. తుపాకీ పట్టుకుని వెళ్లినవాడికి నెలకు ఆరు లెక్క రాసిపెట్టారు. వల పట్టుకుని వెళ్లి, నీళ్ల మీద గీత కనపడక దాటినవాడికి అట్లాంటి లెక్క ఎవరూ రాయలేదు. 1971 యుద్ధం తర్వాత సిమ్లా ఒప్పందంలో పోస్టును తిరిగి నడపాలని రాసుకుని, 1974 సెప్టెంబరులో దానికోసం వేరే ఒప్పందం చేసుకున్నారు. ఒక దేశం రెండు ముక్కలైన యుద్ధం తర్వాత అది సాధ్యమైంది.

మన సాహిత్యలోకం మూగదేమీ కాదు. 2024 డిసెంబరులో పుస్తకాలు చవగ్గా పంపే రిజిస్టర్డ్ బుక్‌పోస్టు తీసేస్తే, చిన్న పత్రికలవాళ్లు, పుస్తకాలు సొంతంగా వేసుకునే కవులు లబోదిబోమన్నారు. న్యాయమే. 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ అని ఒకటి తెచ్చారు. ఆ సంవత్సరమే ఆగస్టులో అమెరికా చిన్న పార్సెళ్లకు సుంకం మినహాయింపు ఎత్తేస్తే, ఇండియా పోస్ట్ అక్టోబరు మధ్యదాకా అమెరికాకు బుకింగులు ఆపేసింది. అమెరికాలో పిల్లలున్న ఇళ్లలో ఆవకాయ ఎట్లా పంపాలన్న ఆదుర్దా ఎంత ఉందో అందరం చూశాం. ఆవకాయను నేను తక్కువ చేయట్లేదు. ప్రపంచంలో ఎనభైకి పైగా పోస్టు సంస్థలు అప్పుడు అమెరికాకు సేవలు ఆపుకున్నాయి, పెద్దవాడు ఒక్కడు నియమం మార్చుకుంటే ఆ ఒకే నేల అన్నది ఎట్లా బీటలు వారుతుందో అప్పుడు కళ్లారా చూశాం. పుస్తకం ఆగితే మనకు తెలిసింది, పచ్చడి ఆగితే తెలిసింది. మధ్యలో, అదే మే నెలలో, ఉత్తరమే ఆగింది. అప్పుడెవరూ వ్యాసం రాయలేదు. అవ్వ, అరుగు, సైకిల్ బెల్లు, ఎక్కడికి పోయాయో అప్పుడు?

ఇంకో సంగతి. 2008లో రెండు దేశాలూ ఒక ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న ఒకరి జైళ్లలో ఉన్న ఇంకొకరి ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటారు. 2025 జూలై 1న కూడా ఇచ్చిపుచ్చుకున్నారు. యుద్ధం అంచుదాకా వెళ్లొచ్చి రెండు నెలలు కూడా కాలేదు, గగనతలం మూసే ఉంది, పోస్టు మూసే ఉంది. అయినా కాగితాలు చేతులు మారాయి. పాకిస్తాన్ ఇచ్చిన జాబితాలో 193 మంది మన మత్స్యకారులు, మనం ఇచ్చిన దాంట్లో 81 మంది వాళ్ల మత్స్యకారులు.

ఆ జాబితాలు పోయే దారినే ఒక సంచి పెట్టమని అడగొచ్చు. నెలకు రెండు ఉత్తరాలు, నాలుగు కార్డులు, సైనికుడికి ఇచ్చిన లెక్కే. కావాలంటే తెరిచి చదువుకోమనండి, నల్ల సిరా పూయమనండి. మన ఎంపీలకు, తపాలాశాఖ మంత్రికి ఈ ఒక్క ముక్క రాయడానికి పోస్టుకార్డు చాలు. అది ఇంకా అమ్ముతున్నారు, అర్ధరూపాయి.